బావగారు చదును చేసిన ముప్పై సెంట్లు

నా చేనికీ మా బావగారి చేనికీ మధ్య మోకాలెత్తు గట్టు ఒకటి ఉంది. బావగారంటే మా ఆయనకు అన్నగారు. ఊళ్ళో ఎద్దుల జత ఇంకా మిగిలి ఉన్న ముగ్గురిలో ఆయనొకరు. కలుపు తీయడానికీ, నేల చదును చెయ్యడానికీ ఆ ఎద్దులతో గుంటక తోలుకుంటూ వచ్చి, గట్టు దగ్గర ఆగి, మలుపు తిరగాల్సి వచ్చినప్పుడల్లా ఆయనకు ఒళ్ళు మండేది. ఎద్దుల్ని అదిలిస్తున్నట్టే ఉండేది గానీ తిట్లన్నీ గట్టుకే తగిలేవి.

"మలుపులకే సగం పొద్దు గడిచిపోతంది. ఈ గట్టు లేకపోతే ఒక్క పరుగున కాలవ దాకా పోదును గదా" అనేవారు.

గట్టుకు ఇటువైపు, కాలవ పక్కన ఉన్న ఎకరం నాది. మా ఆయనది కాదు, నాది. మా నాన్న నకరికల్లు దగ్గర తన చేను కొంత అమ్మి, పసుపు కుంకుమల కింద నాకని ఇక్కడ కొన్నాడు. "నా కూతురు పొద్దున్నే లేచి తన చేనికి నడిచిపోయి, పొయ్యి మీద ఎసరు మరిగేలోపు తిరిగొచ్చేంత దగ్గర్లో ఉండాల" అని పట్టుబట్టి మరీ బావగారి చేను పక్కన కొన్నాడు. పక్కన ఎవరున్నారో కూడా కాస్త విచారించి కొనుంటే బాగుండేది. ఆ మాట మా నాన్నతో ఎప్పుడూ అనలేదనుకోండి.

గట్టు మీద నేను గోంగూర వేస్తాను. మధ్యమధ్య కంది. చేను ఎవరు దున్నినా, అందులో ఏం వెయ్యాలో ఎవరు చెప్పినా, గట్టు మీద ఏం మొలవాలో మాత్రం నా ఇష్టం. మా వీధిలో ఆడవాళ్ళందరూ పచ్చడికి అక్కడికే వస్తారు. గట్టు తీసేసి రెండు చేలూ కలిపితే ఇక ఆ ఎకరం ఎక్కడ మొదలవుతుందో నాకే తెలియదు. నాకే తెలియని దాని గురించి నన్నెవరు అడుగుతారు? నా భయం అదీ.

ఇది ఇలా ఉండగా మా ఆయన స్మార్ట్‌ఫోన్ కొన్నాడు. అంతకుముందు ఆయన పత్తి పండించేవాడు. ఫోన్ కొన్నాక పత్తి గురించి తెలుసుకోవడం మొదలుపెట్టాడు. మంచం మీద పడుకుని, ఫోన్ ముఖానికి ఆనించుకుని, ఎక్కడెక్కడి చేలో చూసేవాడు. ఎదురుగా ఉన్న మన చేను ఎలా ఉందో నేను చెప్తే వినేవాడు కాదు, అది ఫోన్లో రాదు కాబట్టి. చూసిచూసి ఒకరోజు లేచి కూర్చున్నాడు.

"ఏమే, ఈ ఏడు పత్తి ఎత్తు మడుల మీద వేద్దాం. దగ్గర సాళ్ళు. ఒక్కో మడి మీద రెండు వరసలు. చెట్టు చిన్నగా ఉంటది, కాయలన్నీ ఒక్కసారే పగుల్తయ్, ఒక్క తీతలో అయిపోద్ది. వ్యవసాయం చూసే మేడమ్ గూడా వేయమంది."

మేడమ్ అంటే మా ఊరికి వ్యవసాయం సలహాలు చెప్పే ఉద్యోగంలో ఉన్న అమ్మాయి. బండి మీద వస్తుంది. చిన్నపిల్ల, మంచిపిల్ల. నన్ను పిన్నిగారూ అంటుంది.

"వెయ్యి. మన మూడెకరాల్లో వెయ్యి" అన్నాను. మన మూడెకరాలంటే మా ఆయన పేరున ఊరవతల ఉన్నది.

"కొత్తది గదే. ముందు చిన్నదాంట్లో చూద్దాం."

"చిన్నదాంట్లోనా, నాదాంట్లోనా?"

"నీదీ నాదీ ఏంది ఇంట్లో?"

"మరి పాసుపుస్తకాలు వేరేవేరే కవర్లలో ఎందుకు పెట్టావయ్యా?"

దానికి సమాధానం ఫోన్లో వెతుక్కుంటూ మళ్ళీ పడుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే బావగారు మా వసారాలోకి వచ్చారు. ఆ వార్త ఆయనదాకా పోవడానికి ఒక రాత్రి పట్టడమే ఎక్కువ. మా వైపు పత్తి వేసే పద్ధతి వేరు. అచ్చు అని, నాలుగు కొయ్య పళ్ళున్న పనిముట్టు ఉంటుంది. దాన్ని దుక్కి మీద ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా తోలితే చేనంతా గళ్ళు పడుతుంది. గీతలు కలిసిన చోటల్లా విత్తనం పెడతాం. మొలిచాక ఎటు నుంచి చూసినా వరసే. గుంటక నిలువుగానూ పోతుంది, అడ్డంగానూ పోతుంది, కలుపు మిగలదు. అచ్చు తోలడంలో బావగారిది పేరు. పెళ్ళి సంబంధాలకు వచ్చినవాళ్ళకు ఇల్లు చూపించకముందే ఆయన చేను చూపించేవారంటారు మా అత్తగారు.

"ఒరేయ్, మడుల మీద వేస్తే అడ్డం గుంటక ఎట్టా తోల్తావురా?" అన్నారు బావగారు.

"తోలక్కర్లేదన్నయ్యా."

"అడ్డం తోలక్కర్లేదా?" ఆయన నా వైపు తిరిగారు, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అన్నట్టు. తర్వాత మంచి మనసు చేసుకున్నారు. "సరే, ఈ ఏడు నీ సోకు తీర్చుకో. పంట సరిగ్గా రాకపోతే మాత్రం వచ్చే ఏడు గట్టు కొట్టేసి మొత్తం ఒకే కయ్య చేస్తా. నేనే సేద్యం చేస్తా. నీకేం పనుండదు, పండింది పంచిస్తా."

"సరేలే అన్నయ్యా."

నా ఎకరం గురించి అన్నదమ్ములిద్దరూ ఇలా ఒప్పందం చేసుకుని, నేను పోసిన కాఫీ తాగారు. గ్లాసులు తీసుకోవడానికి వచ్చి అక్కడే నిలబడ్డాను.

"మరి పంట సరిగ్గా వస్తే ఏంది బావగారూ?"

ఇద్దరూ నన్ను చూశారు. వసారా స్తంభం మాట్లాడినా అంత ఆశ్చర్యపోరు.

"వస్తే..." బావగారు నవ్వారు. "వస్తే ఇక జన్మలో గట్టు జోలికి రాను అమ్మాయ్. గట్టన్న మాటే నా నోట రాదు. సరేనా?"

"సరే" అన్నాను. ఆ మాట గుర్తుపెట్టుకున్నాను. నేను చదివింది ఐదో తరగతే. రాసుకోవడం కంటే గుర్తుపెట్టుకోవడం నాకు తేలిక.

ట్రాక్టరుకు ఏదో కొత్త నాగలి కట్టించుకొచ్చి మడులు పోయించాడు మా ఆయన. జానెడు ఎత్తు, మనిషి పడుకుంటే సరిపోయే వెడల్పు, చేను ఈ చివర నుంచి ఆ చివరకు పొడుగ్గా, మడికీ మడికీ మధ్య కాలవ. నల్లరేగడిలో అవి వరసగా లేచి నిలబడితే చూడ్డానికి ఊరంతా వచ్చింది. చర్చి వీధిలో మా పెద్దమ్మ ఒకావిడ ఉంది, వరసకు పెద్దమ్మ, నోటికి అడ్డం లేదు. చేను ఒకసారి ఈ చివర నుంచి ఆ చివరదాకా చూసి, "ఏందిరా అబ్బాయ్, ఇన్ని సమాధులు కట్టావు? ఊళ్ళో అంతమంది పోలేదే!" అంది. వారం రోజులు మా ఆయన ఎక్కడికి పోయినా ఎంతమంది పోయారని అడిగారు.

మేడమ్ వచ్చి టేపు పెట్టి కొలిచింది. మొక్కకీ మొక్కకీ ఇరవై సెంటీమీటర్లు ఉండాలంది.

"ఇరవై సెంటీమీటర్లంటే ఎంతమ్మా?" అన్నాను.

"జానెడు కంటే కొంచెం తక్కువ పిన్నిగారూ."

ఇక్కడొక చిక్కుంది. విత్తనాలు పెట్టడానికి వచ్చేది పదిమంది ఆడవాళ్ళు. పదిమందివీ పది జానలు. చర్చి వీధి పెద్దమ్మ జానెడు పెడితే మధ్యలో దూడ పడుకోవచ్చు. అందుకని నేను మేడమ్ టేపు పక్కన పాత నులకతాడు పరిచి, ఆ కొలతకు ఒక్కో ముడి వేసి, ముడి ముడికీ చిరిగిన ఎర్రచీర పీలిక కట్టాను. చేను పొడుగంతా సరిపడేలా తాడు తయారయ్యేసరికి నాలుగు రోజులు, చీర మొత్తం పట్టింది. మా ఆయన ఆ తాడును ఫోటో తీసి ఎవరికో పంపించాడు. నా చెయ్యి కూడా కొంచెం పడింది అందులో.

తొలివాన మంచి వాన పడింది. మర్నాడు మా ఆయన విత్తనాల కోసం నరసరావుపేట పోయాడు. పాత పద్ధతికి ఎకరానికి రెండు పాకెట్లు చాలేవి, ఇప్పుడు ఐదు కావాలట. నేను గోంగూర కోసుకుందామని చేనికి పోయాను.

దూరం నుంచే ఎద్దుల గంటలు వినపడ్డాయి. బావగారు తన చేలో తోలుకుంటున్నారనుకున్నాను. దగ్గరికి పోయి చూస్తే, గట్టుకు ఇటువైపు ఉన్నారు. నా చేలో. గుంటక మడుల మీద అడ్డంగా పోతోంది. వాన తిన్న మట్టి మెత్తగా ఉందేమో, ఒక్కో మడీ వెన్న ముద్దలా అణిగిపోతోంది. ఆయన ముఖంలో ఎంత ప్రశాంతత ఉందంటే, పిలవడానికి ఒక నిమిషం మనసొప్పలేదు.

తర్వాత అరిచాను. అరిస్తే ఆగలేదు. పరిగెత్తుకుంటూ పోయి ఎద్దులకు ఎదురు నిలబడ్డాను. ఎద్దులు ఆగాయి.

"ఏం చేత్తన్నారు బావగారూ?"

"చదును చేత్తన్నా అమ్మాయ్. మావాడు పేట పోయాడంట గదా. పదును ఆరిపోద్దని."

"అవి మడులు!"

"అవును, మిట్టపల్లాలుగా ఉన్నయ్. అందుకే."

మా రెండిళ్ళలో ఒక అలవాటు ఉంది. తొలివాన పడగానే ఎద్దులున్న అన్న, తన చేనుతోపాటు తమ్ముడి చేను కూడా చదును చేసి పెడతాడు. అడగడం, చెప్పడం ఉండదు. మామగారి కాలం నుంచీ అంతే. నలభై ఏళ్ళుగా ఆ చేతులకు అదే పని. వాన వాసన తగిలితే ఎద్దుల కాళ్ళే ఇటు తిరుగుతాయి. అలవాటుకొద్దీ చేశారో, తమ్ముడి తిక్క కుదర్చాలని చేశారో నాకు ఈ రోజుకీ తెలియదు. తోడికోడల్ని అడిగితే, "నాకు మాత్రం ఏం తెలుసు చెల్లే, ఆయనకు తెలిస్తే గదా" అంది.

నేను ఆపేసరికి ముప్పై సెంట్లు చాపలా పరిచేశారు. మిగిలిన డెబ్బై సెంట్లలో మడులు నిలిచాయి. ఆ మడుల నాగలి ట్రాక్టరు అప్పటికే చిలకలూరిపేట వైపు వెళ్ళిపోయింది. తిరిగొచ్చేదాకా ఆగితే నేలలో పదును ఆగదు.

మా ఆయన సాయంత్రానికి వచ్చాడు. చేను చూశాడు. అన్నను ఏమీ అనలేడు. ఇంటికొచ్చి నన్నన్నాడు.

"నువ్వు చూసుకోవద్దా ఏందే?"

"చూశా గాబట్టే డెబ్బై సెంట్లు మిగిలినయ్."

"అయితే ఆ ముప్పై సెంట్లు ఏం చేద్దాం ఇప్పుడు?"

"అదే విత్తనం, అదే తాడు. చదును మీదే వేద్దాం. నేలను ఖాళీగా వదిలితే మీ అన్నకు అచ్చు తోలాలనిపిస్తది."

అట్లాగే వేశాం. నా తాడు పరిచి, ఎర్ర పీలిక కనపడ్డ చోటల్లా విత్తనం పెట్టారు. మడుల మీదా అంతే, చదును మీదా అంతే.

మొలిచింది. మొదటి రెండు నెలలూ రెండుచోట్లా తేడా ఏమీ లేదు. గట్టు అవతల బావగారి చేను గళ్ళుగళ్ళుగా విశాలంగా ఉంది. ఇవతల నాది, తలంటుకోని పిల్ల జుట్టులా కిక్కిరిసి ఉంది. రోడ్డు పక్కన మేడమ్ వాళ్ళు ఒక రేకు బోర్డు పాతారు. పైన పద్ధతి పేరు. కింద రైతు పేరు, మా ఆయనది. ఆ కింద విస్తీర్ణం, ఎకరం. ఎకరం నాదని ఎక్కడా లేదు. బోర్డులో చోటు చాలక కాబోలు.

తర్వాత ఒక రోజు మేడమ్ వచ్చి, చెట్టు మరీ ఎత్తు పెరగకుండా మందు కొట్టాలంది. అది వినడానికి బావగారు గట్టు మీదికొచ్చి కూర్చున్నారు.

"పెరగకుండానా?"

"అవునండీ పెదనాన్నగారూ. చెట్టు బలమంతా కాయలోకి పోతుంది."

"మొన్ననేగా వీడు పెరగడానికి ఎరువేసింది?"

"అది వేరండీ."

"ఆహా. అన్నం పెట్టి మూతి కట్టేయడం." తమ్ముడి వైపు తిరిగి, "ఒరేయ్, ఏదో ఒకటి తేల్చుకో. ఆ చెట్టు ఎవరి మాట వినాలిరా పాపం?" అన్నారు.

నిజం చెప్పొద్దూ, ఆ ఒక్క విషయంలో నేను బావగారి పక్షమే. కానీ కొట్టాం. చెట్టు నడుం దాటలేదు. కొమ్మలు పక్కలకు పోకుండా నిట్టనిలువుగా నిలబడి, అడుగు నుంచీ కాయ పట్టింది. గోంగూర కోసుకుంటూ రోజూ లెక్కపెట్టేదాన్ని. చెట్టుకు పన్నెండు, పద్నాలుగు. బావగారి చెట్లకు ఇంకా ఎక్కువే, కానీ ఆ చెట్లెన్ని, ఇవెన్ని!

ఉత్తర కార్తెలో వాన పట్టింది. మా చేలోంచి చూస్తే కొండవీడు కొండ నీలంగా కనపడుతుంది. అది కనపడకుండా పోయిందంటే వాన మనకే. మూడు రోజులు కొండ కనపడలేదు. మూడు రోజులూ మా ఆయన ఫోన్లో వాన పడుతోందా లేదా అని చూస్తూ కూర్చున్నాడు.

నాలుగో రోజు పొద్దున తెరిపిచ్చింది. కొంగు నెత్తిన కప్పుకుని చేనికి పోయాను. మోకాలు దాకా బురద. దారంతా ఒకటే లెక్క. ఈ ఎకరం మునిగితే గట్టు పోతుంది. గట్టు పోతే గోంగూర పోతుంది. గోంగూర పోతే అక్కడ నేనెవరిని?

మడుల మధ్య కాలవల్లో నీళ్ళు మట్టిరంగులో, గలగలా పారుతున్నాయి, తిన్నగా పెద్ద కాలవలోకి. మడుల మీద చెట్లు తడిసి, వంగి, బతికి ఉన్నాయి. చేత్తో మట్టి పిసికి చూశాను. తేమగా ఉంది గానీ బురదగా లేదు. గట్టు మీద కూర్చుండిపోయాను.

చదును చేసిన ముప్పై సెంట్లలో నీళ్ళు చెరువులా నిలిచాయి. నల్లరేగడి నీళ్ళు పట్టిందంటే అంత తేలిగ్గా వదలదు. పది రోజుల్లో అక్కడి ఆకు ఎర్రబారింది, పిందె రాలింది, సగం చెట్లు నిలబడే ఎండాయి. మడుల చేనికీ దానికీ మధ్య చీర అంచులా గీత పడింది. ఇటు పచ్చ, అటు ఎరుపు. గట్టవతల బావగారి చేలోనూ పల్లం ఉన్నచోటల్లా పూత, పిందె రాలి, చెట్టు ఉత్తదయింది.

నేను గెలిచాననుకున్నాను. బావగారు అలా అనుకోలేదు. ఒక పొద్దున వసారాలోకి వచ్చి కూర్చున్నారు.

"చూశారుగా" అన్నారు. "ఎకరంలో మూడో వంతు పోయింది. సరిగ్గా వచ్చినట్టా, రానట్టా?"

"అన్నయ్యా, అది మరి..." అన్నాడు మా ఆయన.

"అది మరి ఏందిరా? ఎకరమన్నావు, బోర్డు మీద ఎకరమని రాయించావు. ముప్పై సెంట్లు ఎండింది. కళ్ళతో చూసిందేగా."

ఆ ముప్పై సెంట్లూ ఎవరు చదును చేశారో ఆయనకు గుర్తులేదు. మా ఆయనకు గుర్తుంది గానీ నోరు రాలేదు. అన్నగారు తప్పు చేశారని చెప్పడం మా ఇంటి మగవాళ్ళకు నేర్పలేదు. నేను చెబితే ఆడది అన్నదమ్ముల మధ్య చిచ్చు పెట్టిందంటారు. కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వచ్చేశాను. ఆ రోజంతా పప్పులో ఉప్పు వేశానో లేదో తెలియలేదు.

రెండు రోజుల తర్వాత మేడమ్ వచ్చింది. పైనుంచి ఆఫీసర్లు వస్తున్నారని, చుట్టుపక్కల రైతుల్ని పిలిచి చేను చూపిస్తారని చెప్పింది. ఎండిపోయిన ముప్పై సెంట్లు చూసి ముఖం చిన్నబుచ్చుకుంది.

"ఇదేంటి పిన్నిగారూ, ఇక్కడిలా అయింది?"

అప్పుడు నాకు ఒక ఆలోచన వచ్చింది. బావగారి తప్పు చెప్పకూడదు. సరే, తప్పు చెప్పను. గొప్ప చెప్తాను.

"అది మా బావగారు ప్రత్యేకంగా చేసిందమ్మా" అన్నాను. "మడులు అణచి, చదును చేసి ఇచ్చారు. ఆయనే తోలారు. అదే విత్తనం, అదే తాడు, అదే మందు. ఒక్క మడే లేదు."

ఆ పిల్ల కళ్ళు వెలిగిపోయాయి. "పోల్చి చూడటానికా? పెదనాన్నగారికి ఎంత ముందుచూపు! మాకే తట్టలేదు!"

"ఆయనకు తడతయ్యమ్మా అట్టాంటివి."

రైతులు వచ్చారు. నాదెండ్ల వైపు నుంచి కూడా ఆటోల్లో వచ్చారు. షామియానా వేశారు. బోర్డుకు దండ వేశారు. అందరికీ టీలు కాచింది నేను, తోడికోడలు. మా ఆయన తెల్లచొక్కా వేసుకుని రెండు ముక్కలు మాట్లాడాడు. మడుల గురించి చెప్పాడు, ఫోన్ గురించి ఎక్కువ చెప్పాడు. ఆ తర్వాత మేడమ్ మైకు తీసుకుని, "ఈ చేలో అసలు విశేషం ఆ ముప్పై సెంట్లు. మనకు తేడా కళ్ళకు కట్టాలని తన చేత్తో మడులు చదును చేసిన పెద్దరైతు ఇక్కడే ఉన్నారు" అంది.

అందరూ చప్పట్లు కొట్టారు. బావగారు వెనక్కి చూశారు, ఎవరా పెద్దరైతు అని. ఆయన్నే ముందుకు నెట్టారు. పెద్దాఫీసరు శాలువా కప్పాడు. శాలువా భుజం మీద పడగానే మా బావగారు అంగుళం ఎత్తు పెరిగారు. పెరగకుండా కొట్టే మందు అప్పుడు దగ్గర్లో లేదు.

"చెప్పండి పెద్దాయనా, ఎందుకు చదును చేశారు?" అన్నాడు ఆఫీసరు.

బావగారు మైకును గుంటక మేడి పట్టుకున్నట్టు పట్టుకున్నారు. గొంతు సవరించుకున్నారు.

"తేడా తెలవాలని" అన్నారు. "నాకు ముందే తెలుసు. నల్లరేగడిలో నీళ్ళు నిలబడితే చెట్టు ఉండదు. మడి మీదున్నది బతికింది, నేను తోలింది ఎండింది. రెండూ ఒకే విత్తనం, ఒకే తాడు. మడి ఉంటే ఆ ముప్పై సెంట్లు గూడా పండేదే. ఇందులో దాపరికం ఏముంది? పంట సరిగ్గానే వచ్చింది. ఎండింది నేను కావాలని ఎండబెట్టింది."

మళ్ళీ చప్పట్లు. టీ గిన్నె దగ్గర తోడికోడలు నా మోచేతిని పొడిచింది. "విన్నావా చెల్లే?"

"విన్నానక్కా. ఊరంతా విన్నది."

మర్నాడు పొద్దున్నే బావగారు శాలువా వేసుకునే మా వసారాలోకి వచ్చారు. ఎండాకాలం కాదు గానీ శాలువా వేసుకునే కాలమూ కాదు. కాఫీ ఇచ్చాను.

"బావగారూ, నిన్న మైకులో చానా బాగా చెప్పారు."

"ఆఁ, ఏదో..."

"పంట సరిగ్గానే వచ్చిందన్నారు. అది విని కడుపు నిండింది నాకు."

కాఫీ సగం తాగి ఆగారు. నన్ను చూశారు, తమ్ముణ్ణి చూశారు. తమ్ముడు ఫోన్ చూసుకుంటున్నాడు. ఆయన ఏం అనుకున్నారో నేను చెప్పలేను. లేచి వెళ్ళేటప్పుడు మాత్రం గ్లాసు నా చేతికే ఇచ్చారు. ఎప్పుడూ అరుగు మీద పెట్టి పోయే మనిషి.

పత్తి ఒక్క తీతలోనే చాలావరకు వచ్చేసింది. ఏరడానికి వచ్చినవాళ్ళు చెట్లు పొట్టివని, నడుములు పోయాయని నన్ను తిట్టారు. చర్చి వీధి పెద్దమ్మ, "ఈ చెట్టు ఏసినోణ్ణి తీసుకొచ్చి ఒక్క సాలు ఏరమనండే" అంది. మా ఆయన ఆ దరిదాపుల్లోకి రాలేదు. తీత అయ్యాక ఆ రేకు బోర్డు తెచ్చి మా కోళ్ళగూటికి తలుపు చేశాను. పద్ధతి పేరు లోపలి వైపు ఉంది, కోళ్ళు చదువుకుంటాయి.

ఆ మరుసటి వేసవి, తొలివానకు ముందు, నేను గోంగూర గింజలు వేసుకుంటుంటే బావగారు వచ్చి అవతల నిలబడ్డారు. చేతులు వెనక్కి కట్టుకున్నారు.

"అమ్మాయ్, ఈ ఏడు నేనూ మడులు పోయిద్దామనుకుంటన్నా."

"మంచిది బావగారూ."

"నీ తాడు కావాల."

"ఇస్తా. ముడులు విప్పకుండా తిరిగివ్వాల."

"ఆఁ." ఇంకా నిలబడే ఉన్నారు. "మడులు పోస్తే మరి... నా నీళ్ళు ఎటు పోతయ్? కాలవేమో నీ వైపుండె. మధ్యలో ఇది..." చేత్తో చూపించారు. "ఈ... నువ్వు కూచున్న ఇది..."

"ఏది బావగారూ?"

"అదే. నీ గోంగూర ఉండే... ఈ ఎత్తుది."

జన్మలో ఆ మాట ఎత్తనన్న మనిషి, చెమటలు పట్టినా ఎత్తలేదు. మాట తప్పని మనిషే, కాదనను. నాకు నవ్వొచ్చింది, జాలీ వేసింది. గింజల చేట పక్కన పెట్టి లేచాను. ఇంటికి పోయి తాడు తెచ్చాను. చేను ఏటవాలు చూసుకుని, గోంగూరకు అడ్డం రాని చోట, కందికి ఇవతలగా, అటు నుంచి ఇటు తాడు పరిచాను.

"ఇక్కడ ఒక తూము వేసుకోండి. గొట్టం చాలు, జానెడు వెడల్పు. మట్టి మళ్ళీ కప్పెయ్యాల, పైన అంగుళం గూడా తగ్గకూడదు."

ఆయన వంగి చూశారు. "కొంచెం ఇటు జరిపితే నా మడి కాలవకి తిన్నగా ఉంటది గదా అమ్మాయ్?"

"ఇటు జరపడానికి లేదు బావగారూ. ఇక్కడ గింజలు వేసేశాను."

తలూపి, గొట్టం కొలత తీసుకోవడానికి నా తాడులో ముడులు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. నేను మళ్ళీ కూర్చుని మిగిలిన గింజలు వేసుకున్నాను.